ఆకు, మట్టి, తుత్తునాగం: తెలుగు నేలలో పొగ గొట్టాలు

పొగ తాగే పరికరం ఏదైనా మూడు పనులు చేయాలి. నిప్పును ఓర్చుకోవాలి, పొగను కొంత చల్లార్చాలి, పెదవి కాలకుండా చూడాలి. ఈ మూడూ ఒకే పదార్థంతో సాధించడం కష్టం. అందుకే పొగ గొట్టం చాలా దేశాల్లో రెండు మూడు పదార్థాలు కలిపి కూర్చిన వస్తువుగా కనిపిస్తుంది. గిన్నె ఒక పదార్థం, కాడ ఇంకొకటి, నోటి మొన మరొకటి. తెలుగు నేలలో ఆ గిన్నె కుమ్మరి మట్టిది. కాడ వెదురుదో, రెల్లుదో, కొయ్యదో. నీటి బుడ్డి కొబ్బరి బుర్రదో, లోహానిదో. చాలామందికైతే గొట్టమే లేదు. చుట్టిన ఆకే గొట్టం. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో సామాన్యుడి పొగకు కావలసిన సరంజామా అంతా చుట్టుపక్కలే ఉంది. అడవిలో తునికాకు ఉంది, చెరువులో బంకమట్టి ఉంది, చేలో నాటు పొగాకు పండుతుంది. లోహపు హుక్కా సంగతి వేరు. అది బీదరు నుంచో హైదరాబాదు నుంచో రావలసిందే.

పొగాకు ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి చేరి, అక్కడి నుంచి దక్కను సుల్తానుల రాజ్యాల్లోకి పాకింది. మొగలు దర్బారుకు అది దక్కను నుంచే వెళ్లింది. అక్బరు పాదుషా దూతగా బిజాపురం వెళ్లిన అసద్ బేగ్ తిరుగు ప్రయాణంలో కొంత పొగాకు, దాంతోపాటు ఒక గొట్టం పట్టుకెళ్లి పాదుషాకు కానుక ఇచ్చాడు. ఇది 1604-05 నాటి సంగతి. ఆ గొట్టం ఎలా తయారైందో అసద్ బేగ్ వివరంగా రాసిపెట్టాడు. మూడు మూరల పొడవున్న కాడ సుమత్రా దీవిలోని అచే రేవు నుంచి వచ్చింది. చక్కగా ఎండబెట్టి రంగు వేసి, రెండు కొసలా రత్నాలు పొదిగి మీనాకారీ చేయించారు. నోటి మొన యెమెన్ దేశపు అఖీకు రాయి. పొగాకు కాలే గిన్నె బంగారం. అక్బరు ఒకటి రెండు దమ్ములు లాగాడు. ఆస్థాన వైద్యుడు కంగారుపడి, తెలియని వస్తువు వద్దని అడ్డుపడ్డాడు. పాదుషా ఆ తర్వాత దాన్ని అలవాటు చేసుకోలేదు గానీ దర్బారులోని ఉమరాలు ఎగబడ్డారు.

ఆ ఒక్క గొట్టంలోనే అప్పటి హిందూ మహాసముద్ర వ్యాపారం కనిపిస్తుంది. తూర్పు దీవుల కాడ, అరబ్బు దేశపు రాయి, దక్కను కంసాలి పనితనం, అమెరికా మొక్క ఒకచోట కలిశాయి. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. అసద్ బేగ్ వర్ణించిన గొట్టంలో నీటి ఊసు లేదు. పొగ తిన్నగా కాడలోంచి నోటికి వస్తుంది. పొగను నీళ్లలోంచి లాగే హుక్కాను అక్బరు వైద్యుడు హకీం అబుల్ ఫత్ గీలానీ కనిపెట్టాడని ఒక కథ చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. అబుల్ ఫత్ 1589లోనే చనిపోయాడు. అసద్ బేగ్ కానుకకు పదిహేనేళ్లు ముందే కన్నుమూసిన మనిషికి ఆ ఘనత కట్టబెట్టడం అంత తేలిక కాదు. 1616-19 నడుమ ఇక్కడ ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ అనే ఇంగ్లీషు పాదిరీ మాత్రం నీటి హుక్కాను కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. పొట్ట వెడల్పుగా, మెడ సన్నగా ఉన్న మట్టి కుండలో నీళ్లు పోస్తారు. పైన పొగాకు పెట్టి దానిమీద నిప్పుకణిక ఉంచుతారు. పక్కనున్న కొమ్ములో బాణమంత సన్నని రెల్లు కాడ బిగించి పొగ లాగుతారు. అంటే దర్బారులో బంగారు గిన్నె తిరుగుతున్న కాలానికే బయట జనం కుండతో, రెల్లుతో పని గడుపుకుంటున్నారన్న మాట. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. ఆ ఫర్మానాను ఎవరూ లెక్కచేయలేదు.

కోరమాండల్ తీరంలో పేదలు కుండ జోలికి కూడా పోలేదు. 1670ల్లో మచిలీపట్నం, చెన్నపట్నం తీరాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఓడ వర్తకుడు, ఇక్కడి సామాన్యులు పొగాకు ఆకునే చుట్టి ఒక కొస వెలిగించి, రెండో కొస పెదవుల మధ్య పెట్టుకుని పీలుస్తారని రాశాడు. చూడ్డానికి అది మోటుగా ఉన్నా పొగ తాగే అసలు పద్ధతి అదేనేమో అని కూడా అనుకున్నాడు. ఆయన ఊహలో నిజం ఉంది. కరీబియన్ దీవుల్లో కొలంబస్ మనుషులు మొట్టమొదట చూసింది కూడా చుట్టిన ఆకునే. చుట్టలో గిన్నె, కాడ, మొన అన్నీ పొగాకే. లోపల ముక్కలైన ఆకు, దాన్ని పట్టి ఉంచే ఒక ఆకు, పైన చిరుగు లేని నున్నటి ఆకు. కాలినంత మేర గొట్టం కరిగిపోతుంది గనక కడగడం, పొడుచుకోవడం, దాచుకోవడం లేదు. పొలంలో నాగలి పట్టుకున్నవాడికి, తెడ్డు వేసేవాడికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

చుట్టకు అన్ని పొగాకులూ పనికిరావు. పైఆకు సాగాలి, విరగకూడదు, సమంగా కాలాలి. గోదావరి వరదకు మునిగి తేలే లంకల్లో ఏటా పడే ఒండ్రుమీద పండిన పొగాకుకు ఈ గుణాలు ఉండేవి. లంక పొగాకు, లంక చుట్టలు తెలుగు దేశం దాటి పేరు తెచ్చుకున్నాయి. ఇంగ్లండులో సైతం ఆ పేరు తెలుసు. 1890లో ఆర్థర్ కానన్ డాయల్ రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్, బూడిదను బట్టి మనిషి తాగిన పొగాకు ఏదో చెప్పవచ్చని వాదిస్తూ భారతదేశపు ‘లుంకా’ చుట్టను ఉదాహరణగా తీసుకుంటాడు. తెలుగు సాహిత్యంలోనూ అంతే. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చేతిలో ఉండేది చుట్టే. నంద్యాల వైపు లంకలు లేవు. అక్కడ నల్లరేగడిలో నాటు పొగాకు వేశారు. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ప్రధానంగా పత్తికి, జొన్నకు పేరుపడినా నాటు పొగాకు, బీడీ పొగాకులమీద కూడా పనిచేసింది.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను తాగే తీరే వేరు. విశాఖపట్నం, శ్రీకాకుళం పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లు, వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద బిడ్డమీదా బట్టమీదా రాలదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. అయితే గొట్టం చేయవలసిన పని ఇక్కడ అంగిలి చేయవలసి వస్తుంది. నిప్పును ఓర్చుకునే పదార్థంగా మనిషి కండనే వాడినట్టు. 1960ల నుంచి ఈ ప్రాంతంలో జరిగిన వైద్య పరిశోధనలు అంగిలి క్యాన్సరుకు అడ్డపొగే ప్రధాన కారణమని తేల్చాయి. మిగతా ప్రపంచంలో అరుదైన ఆ జబ్బు ఇక్కడి పేద ఆడవాళ్లను పట్టి పీడించింది. గొట్టం ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు అక్కర్లేదు.

కొండల్లో పొగాకు ఖరీదైన సరుకు. సంతలో కొనాలి, లేదా అడవి సరుకు ఇచ్చి మారకం చేసుకోవాలి. అందుకని కొద్ది పొగాకును అడవి ఆకులో చుట్టుకోవడం అలవాటైంది. తునికాకు, మోదుగాకు, అడ్డాకు, ఏ అడవిలో ఏది దొరికితే అది. నల్లమలలో చెంచులు నిప్పు పుట్టించడానికి చెకుముకి రాయి, ఇనుప ముక్క, తెల్లబూరుగు దూది వాడేవారని మానవ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. రాయిమీద ఇనుము గీస్తే లేచిన రవ్వ దూదిలో పడి రాజుకుంటుంది. అగ్గిపెట్టె లేని కాలంలో పొగ తాగడానికి గొట్టం ఎంత అవసరమో ఈ దూదీ అంతే అవసరం.

గొట్టం వాడినచోట దాని గుండెకాయ కుమ్మరి చేసిన చిలుం, అంటే పొగాకు కాలే మట్టి గిన్నె. రెండు రకాలు ఉండేవి. హుక్కా నెత్తిన కూర్చునేది దోసిలి ఆకారంలో, పైన విప్పారి కింద సన్నని మెడతో ఉంటుంది. చేత్తో పట్టుకుని పీల్చేది నిటారు గొట్టం. పై మూతి వెడల్పు, కింది మూతి సన్నం. మహానంది, అహోబిలం, శ్రీశైలం వంటి క్షేత్రాలకు దేశం నలుమూలల నుంచీ వచ్చే బైరాగులు, గోసాయిల చేతుల్లో కనిపించేది ఈ రెండోదే. దాన్లో ఎక్కువగా గంజాయి వాడతారు. గొట్టం లోపల సన్నని చోట చిన్న రాయి ఒకటి వేస్తారు; నిప్పు జారి నోట్లో పడకుండా అది ఆపుతుంది, పక్క సందుల్లోంచి పొగ వస్తుంది. కింది మూతికి తడిగుడ్డ చుట్టి, రెండు అరచేతులూ దొప్పలా మూసి పీలుస్తారు. పొగను చల్లార్చే పని తడిగుడ్డది, పెదవికి వేడి తగలకుండా చూసే పని అరచేతులది. కాడ, మొన లేకుండానే మూడు పనులూ జరిగిపోయాయి.

చిలుం చేయడానికి కుమ్మరికి ప్రత్యేకమైన మట్టి అక్కర్లేదు గానీ మట్టిని ఎంచుకోవడం తెలియాలి. నల్లరేగడి ఒక్కటే తీసుకుంటే ఆరేటప్పుడు ముడుచుకుని పగుళ్లిస్తుంది. చెరువు అడుగున పేరుకున్న మెత్తటి బంకకు ఎర్రమట్టి, సన్న ఇసుకో బూడిదో కలిపి కాళ్లతో తొక్కి పదును తెస్తారు. కుండకైతే ఒక్కో ముద్ద ఒక్కోసారి సారెమీద పెట్టాలి. చిలుం, ప్రమిద వంటి చిన్నవాటికి పెద్ద ముద్ద ఒకటే సారెమీద నిలబెట్టి, దాని కొసన కాస్త మట్టిని వేళ్లతో పైకి లాగి గొట్టం తీసి, తడి దారంతో కోసి పక్కన పెడతారు. ముద్ద తరిగేదాకా వరసగా తీస్తూనే ఉంటారు. నీడన ఆరాక కుండల సందుల్లో సర్ది ఆవంలో కాలుస్తారు. అంటే చిలుంకు వేరే కట్టె ఖర్చు కూడా లేదు. ఆవం కట్టెలతో, పిడకలతో, గడ్డితో ఏడెనిమిది వందల డిగ్రీల దాకా మండుతుంది. అంత వేడి చూసిన మట్టి ఆపైన నిప్పుకణికకు బెదరదు. ఆవంలోకి గాలి బాగా ఆడితే చిలుం ఎర్రగా వస్తుంది. పొగ కమ్మితే నల్లగా వస్తుంది. కాల్చిన మట్టి లోహంలా వేడిని ఒక్కసారిగా పీల్చి చేతికి అంటించదు, నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. పొగాకులోని తడిని, జిగురును కొంత తనలోకి తీసుకుంటుంది. పగిలితే ఇంకొకటి. ఇంత చవకగా ఇంత చక్కగా పనిచేసే వస్తువు ఉండబట్టే, బేతంచెర్ల చుట్టుపక్కల వేడికి ఓర్చే మెత్తని బలపపు రాయి నిక్షేపాలున్నా, ఆళ్లగడ్డలో తరతరాల శిల్పులున్నా, ఇక్కడ చిలుం అంటే మట్టిదే అయింది. అమెరికాలో సంగతి వేరు. అక్కడి ఆదివాసులు మిన్నెసోటాలో దొరికే ఎర్రటి మెత్తని రాయిని చెక్కి గొట్టాలు చేశారు. ఆ రాతి గనిని పవిత్రస్థలంగా చూశారు. 1937లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది.

నీటి బుడ్డికి పేదవాడి పదార్థం కొబ్బరి బుర్ర. బెంగాలు నుంచి మలబారు దాకా తీరం పొడుగునా ఇది వాడుకలో ఉండేది. ముదురు కొబ్బరికాయ కంటికి చిల్లు పెట్టి నీళ్లు వంచేసి, లోపలి కొబ్బరిని తీసి, పైపీచు గీకి నున్నగా రుద్దుతారు. పై చిల్లులో నిలువు కొయ్య కాడ, దాని నెత్తిన మట్టి చిలుం. పక్కన ఇంకో చిల్లు. దానికి నోరు ఆనించో సన్నని వెదురు గొట్టం బిగించో లాగడమే. నీళ్లలో పొగ బుడబుడమని చేసే చప్పుడును బట్టి జనం దీన్ని గుడగుడి అన్నారు. బుర్ర నీటిని కారనివ్వదు, చెదలు పట్టదు, చేతికి తేలిక. దానికి ఉన్న ఒకే ఇబ్బంది గుండ్రటి అడుగు. నేలమీద నిలవదు, చేత్తో పట్టుకోవాలి, లేదా చుట్టకుదురుమీద పెట్టాలి. దర్బారు హుక్కాలు తొలినాళ్లలో ఈ గుండ్రటి ఆకారాన్నే లోహంలో పోతపోసుకున్నాయి, కుదురుతో సహా.

ఆ లోహపు బుడ్డీల్లో దక్కనుకు ప్రత్యేకమైనది బిద్రి. బహమనీ సుల్తానులు పదిహేనో శతాబ్దంలో రాజధానిగా చేసుకున్న బీదరు, తర్వాత బరీద్‌షాహీల కిందా, బిజాపురం కిందా, మొగలుల కిందా ఉండి, ఆపైన నిజాం రాజ్యంలో భాగమై 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా హైదరాబాదుతోనే ఉంది. బిద్రి కళ బహమనీల నాడే ఇరాను నుంచి వచ్చిందని పారంపర్యంగా చెబుతారు. నేడు మ్యూజియాల్లో మిగిలిన బిద్రి సామానులో పదిహేడో శతాబ్దం నుంచి ఎక్కువగా కనిపించేది హుక్కా బుడ్డీలే. పొగాకు వచ్చిన కాలానికీ ఈ పనితనం వికసించిన కాలానికీ ఇంత దగ్గరి పొత్తు ఉండటం కాకతాళీయం కాదు. పాన్‌దాను, తట్ట, పూలకుండీ ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. కొత్త అలవాటు తెచ్చిన కొత్త గిరాకీ హుక్కాదే.

బిద్రి లోహం ప్రధానంగా తుత్తునాగం, అంటే జింకు. సుమారు పదహారు పాళ్ల తుత్తునాగానికి ఒక పాలు రాగి కలుపుతారు. రాజస్థాన్‌లోని జావర్ గనుల్లో తుత్తునాగాన్ని ఆవిరి పట్టి తీసే విద్య మధ్యయుగం నుంచీ ఉంది. చైనా తుత్తునాగమూ ఓడల్లో ఈ తీరానికి వచ్చేది. ఈ లోహం 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది గనక పోత తేలిక. అచ్చులో పోసిన బుడ్డీని ఆకురాయితో నున్నగా గీకి, మైలుతుత్తం నీళ్లతో రుద్దితే తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపుమీద సూదిమొన ఉలితో పూలూ తీగలూ గీస్తారు. గీత తెల్లగా మెరిసి కనబడుతుంది. గీత వెంట ఉలితో కాలువ తీసి, వెండి తీగను అందులో పరిచి సన్నని సుత్తితో కొడతారు. లోహం మెత్తనిది కావడంతో కాలువ అంచులు మూసుకుని వెండిని పట్టేస్తాయి, మరే అతుకూ అక్కర్లేదు. తీగ పొదిగితే తార్‌కషీ. వెండి రేకు ముక్కలు లోతుగా పొదిగితే తైనిషాన్. నేలంతా వెండి పరిచి పూలను నల్లగా వదిలితే ఆఫ్తాబీ. మళ్లీ అంతా గీకి నున్నన చేస్తే ఆ దశలో బుడ్డీ మొత్తం వెండిలా మెరుస్తూ, పొదుగు ఎక్కడుందో కూడా తెలియకుండా ఉంటుంది.

అప్పుడు మట్టి పని మొదలవుతుంది. బీదరు కోటలో ఎండా వానా తగలని పాతగోడల దగ్గరి మన్ను తెచ్చి, నవసాగరం కలిపి నీళ్లతో పలచగా చేస్తారు. బుడ్డీని కొద్దిగా వేడిచేసి ఆ మన్ను పులిమి రుద్దుతుంటే తుత్తునాగం నిగనిగలాడే నలుపుకు తిరుగుతుంది. వెండికి ఏమీ కాదు. మన్నులో సురేకారం జాతి లవణాలు ఉండటంవల్ల ఈ మార్పు వస్తుందని రసాయన శాస్త్రం చెబుతుంది. పనివాళ్లు మాత్రం మన్నును నాలుకమీద వేసుకుని రుచి చూసి మంచీ చెడూ తేలుస్తారు. చివర నూనె రాస్తే నలుపు నిలుస్తుంది. గుండ్రటి బుడ్డీలు పద్దెనిమిదో శతాబ్దంలో క్రమంగా గంట ఆకారానికి, వెడల్పాటి అడుగుకు మారాయి. దాంతో కుదురు అవసరం తీరిపోయింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో బిద్రి సామాను యూరపు జనం కళ్లపడింది. హైదరాబాదులో 1951లో మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియంలో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మంచి బిద్రి హుక్కాలు ఉన్నాయి.

ఇంత పనితనం పొదిగిన బుడ్డీ చేసేది నీళ్లు పట్టుకునే పనే. నిప్పు దాని దగ్గరికి రాదు. వస్తే తుత్తునాగం నిలవదు. నిప్పుకణికలు కూర్చునే చోట కుమ్మరి చిలుమే కావాలి. పైన వెండి తొడుగు వేసినా, గొలుసులు వేలాడే జాలీ మూత పెట్టినా, లోపల కాలేది తరచు మట్టి గిన్నెలోనే. నవాబు హుక్కాకూ కూలివాడి గుడగుడికీ నెత్తిన ఉన్నది ఒకే ఆవంలో కాలిన మట్టి. బుడ్డీకి, చిలుంకు నడుమ నిలువు కాడ కొయ్యది. పొగ లాగే పాముగొట్టం మాత్రం వేరే కళ. తీగను స్ప్రింగులా చుట్టి, పైన గుడ్డ, పట్టు, కలాబత్తు చుడతారు. అది ఎటు వంచినా వంగుతుంది. కొసన వెండిదో దంతానిదో అంబరుదో నోటి మొన. ఒకే హుక్కా సభలో చేతులు మారేటప్పుడు ఎవరి మొన వారు తగిలించుకునేవారు. బెల్లం పాకం, సుగంధ ద్రవ్యాలు కలిపిన పొగాకు ముద్దను చిలుంలో పెట్టి, సరైన నిప్పు వేసి, నీళ్లు మార్చడానికి హుక్కాబర్దారు అనే నౌకరు ప్రత్యేకంగా ఉండేవాడు. ఈ అలవాటు ఈస్టిండియా కుంపినీ దొరలకూ పట్టుకుంది. 1779లో కలకత్తాలో వారెన్ హేస్టింగ్స్ దంపతులు పంపిన విందు ఆహ్వానంలో అతిథులు మరే నౌకరునూ తేవద్దని, హుక్కాబర్దారును మాత్రం తెచ్చుకోవచ్చని ఉంది.

నంద్యాల, సిర్వెల్ తాలూకాలు 1839లో కుంపినీ వాళ్లు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేదాకా నవాబుల ఏలుబడిలోనే ఉన్నాయి. పక్కనే బనగానపల్లె సంస్థానం 1948 దాకా సాగింది. దక్కను దర్బారు మర్యాదలో హుక్కా, పాన్‌దాను, అత్తరు ఒక జట్టు. ఆ మర్యాద ఈ సీమకు దూరపుది కాదు. కర్నూలు జిల్లా ఏర్పడిన 1858 నాటికి ఆ వైభవం సన్నగిల్లింది. దొరలు హుక్కా వదిలేసి చుట్టకు, సిగారుకు దిగారు. హుక్కాకు నౌకరు కావాలి, నిప్పు కావాలి, తీరిక కావాలి. చుట్టకు జేబు చాలు.

ఈ శతాబ్దాల్లోనే యూరపులో పొగ గొట్టం కొత్త పదార్థాల వెంట పడింది. పదహారో శతాబ్దం చివరి నుంచి ఇంగ్లండు, హాలెండు దేశాల్లో తెల్లమట్టి గొట్టాలు లక్షల్లో తయారయ్యేవి. సన్నని పొడవాటి కాడ తొందరగా విరిగేది, ధర లెక్కపెట్టవలసింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తుర్కీలోని ఎస్కీషెహిర్ గనుల నుంచి వచ్చే తెల్లటి తేలికపాటి మీర్‌షామ్ రాయిని వియన్నా శిల్పులు చెక్కారు. వాడేకొద్దీ అది తేనెరంగుకు తిరుగుతుంది. 1850ల్లో ఫ్రాన్సులోని సాంక్లోద్ పట్టణం మధ్యధరా తీరపు బ్రయర్ పొద వేరుగడ్డను గొట్టాలకు మలచడం మొదలుపెట్టింది. ఆ గడ్డలో ఇసుక పాలు ఎక్కువ, అందుకే నిప్పుకు అంత త్వరగా మాడదు. నేటికీ కొయ్య పైపు అంటే అదే. అమెరికాలోని మిస్సోరీలో మొక్కజొన్న బెండును తొలిచి, పైన ప్లాస్టర్ పూసి గొట్టం చేసే పద్ధతికి 1878లో పేటెంటు వచ్చింది. రబ్బరును గంధకంతో గట్టిపరచిన ఎబొనైటు నోటి మొనలకు అంబరు స్థానంలో కుదిరింది. ఈ పైపులు తెలుగు దేశంలో కలెక్టరు బంగళాలకూ, రైల్వే అధికారులకూ, కొందరు వకీళ్లకూ, ప్రొఫెసర్లకూ పరిమితమయ్యాయి. జనంలోకి రాలేదు.

జనంలోకి వచ్చింది బీడీ. అడవిలో ఆకు చుట్టుకునే పాత అలవాటే ఇరవయ్యో శతాబ్దంలో పరిశ్రమ అయింది. తునికాకే ఎందుకంటే అది చుట్టినప్పుడు పగలదు, ఈనెలు సన్నం, కొద్దిపాటి పొగాకును గట్టిగా పట్టుకుంటుంది. ఎండాకాలం ముందు తునికి పొదల కొమ్మలు కొడితే లేత చిగుళ్లు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకు కోసి యాభై ఆకులను ఒక కట్టగా కట్టి కల్లాల్లో ఆరబెడతారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. నల్లమల అంచు పల్లెల్లో కూలి దొరకని మండువేసవిలో ఇది నాలుగు డబ్బులు తెచ్చిన పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 చట్టంతో ఈ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. చుట్టే పని ఎక్కువగా నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల ఇళ్లలో ఆడవాళ్లది. రాత్రి తడిపిన ఆకును రేకు కొలత పెట్టి కత్తెరతో కోస్తారు. చిటికెడు పొగాకు పరిచి చుట్టి, కొసను లోపలికి మడిచి నొక్కి, దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. పని షరతులకు 1966లో కేంద్రం చట్టం చేసింది. ముక్కుల్లోకి పోయే పొగాకు ధూళికి, వంగిన నడుములకు ఆ చట్టం సరిపోలేదు.

సిగరెట్టుతో గొట్టం కాగితమైంది. 1912లో గుంటూరులో ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ కాలుపెట్టింది, 1920 ప్రాంతంలో అక్కడ వర్జీనియా పొగాకు సాగు మొదలైంది. 1930లో హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ ఏర్పడింది. దాని చార్మినార్ పెట్టె ఊరూరా తిరిగింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చాయి. వీటి దృష్టంతా ఆకుమీదే. ఆకును కాల్చే పాత్రను తయారుచేసే కుమ్మరికి ఆ లెక్కల్లో చోటు లేదు. గిరాకీ పోయాక హుక్కా చిలుం సారెమీదకు ఎక్కడం మానేసింది. క్షేత్రాల దగ్గర సాధువుల కోసం చేసే నిటారు చిలుం కొంత మిగిలింది.

హుక్కా ఇటీవల నగరాల్లో కొత్త వేషంలో తిరిగి వచ్చింది. బుడ్డీ గాజుది, నిలువు కాడ స్టీలుది, పాముగొట్టం ప్లాస్టిక్కుదో సిలికాన్‌దో. చిలుం మాత్రం ఇంకా చాలావరకు కాల్చిన మట్టే, పైన పింగాణీ పూత ఉంటే ఉండవచ్చు. నీళ్లు పొగలోని విషాన్ని కడిగేస్తాయన్న పాత నమ్మకం కూడా దాంతోపాటే తిరిగి వచ్చింది. నీళ్లు పొగను చల్లారుస్తాయి గానీ నికోటినును, బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడును ఆపవు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ చట్టం చేసింది. బిద్రి పనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు బీదరులో, హైదరాబాదులో పనివాళ్లు పోసేది ఎక్కువగా పూలకుండీలు, పెట్టెలు, జ్ఞాపికలు, చెవిపోగులు. మన్ను మాత్రం నేటికీ బీదరు కోట నుంచే తెచ్చుకుంటున్నారు.